బటన్ సెల్ సెన్సర్లు: బ్లూటూత్, జిగ్‌బీ, థ్రెడ్ వాడినవారి అనుభవాలు కావాలి

రాగితీగ:
తలుపులకూ కిటికీలకూ, గదుల్లో ఉష్ణోగ్రత, తేమ తెలుసుకోవడానికీ చిన్న సెన్సర్లు అమర్చుకోవాలని కొంతకాలంగా ఆలోచిస్తున్నాను. కొన్నింటి పెట్టె మీద బ్లూటూత్ లో ఎనర్జీ అని, కొన్నింటి మీద జిగ్‌బీ అని, ఈమధ్య వచ్చినవాటి మీద థ్రెడ్ అని రాసి ఉంటోంది. ఇవన్నీ తీగ లేకుండా కబురు పంపే పద్ధతులే. నేను చూసినవన్నీ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే పనిచేస్తాయి, అన్నీ సీఆర్2032 బటన్ సెల్‌తోనే నడుస్తాయి. అయినా ఆ సెల్ ఏళ్ల తరబడి వస్తోందని కొందరు, చూస్తుండగానే అయిపోతోందని కొందరు చెబుతున్నారు. ఈ తేడా టెక్నాలజీలో ఉందా, తయారీలో ఉందా? వాడి చూసినవారు వివరంగా చెబితే మేలు.

అంటెనా_మేస్త్రి:
రెండింటిలోనూ కొంత ఉంది గానీ, అసలు కిటుకంతా రేడియో ఎంతసేపు మేలుకొని ఉంటుందన్న దాంట్లో ఉంది. సీఆర్2032లో సుమారు 220 మిల్లీ ఆంపియర్ అవర్ల సామర్థ్యం ఉంటుంది. సెన్సర్ సగటున 10 మైక్రో ఆంపియర్లు వాడుకుంటే లెక్క ప్రకారం 22,000 గంటలు, అంటే దాదాపు రెండున్నరేళ్లు వస్తుంది. సగటు 100 మైక్రో ఆంపియర్లకు చేరితే మూడు నెలలే. పంపేటప్పుడైనా వినేటప్పుడైనా రేడియో కొన్ని మిల్లీ ఆంపియర్లు లాగక తప్పదు, అది ఏ టెక్నాలజీ అయినా సరే. కాబట్టి ఈ పది రెట్ల తేడాకు ప్రధాన కారణం నిద్రే.

తొలి బ్లూటూత్‌కు ఇంత నిద్ర లేదు. ఫోనుకూ దాని ఉపకరణాలకూ మధ్య తీగను తీసేయాలని 1994లో స్వీడన్‌లోని లుండ్‌లో ఎరిక్సన్ ఇంజినీర్లు దాన్ని మొదలుపెట్టారు. 1998లో ఎరిక్సన్, ఇంటెల్, ఐబీఎం, నోకియా, తోషిబా కలిసి ఆ ప్రమాణాన్ని నడిపే సంఘాన్ని ఏర్పాటు చేశాయి. మాట తెగకుండా వెళ్లాలి కనుక 79 ఛానళ్ల మధ్య సెకనుకు 1600 సార్లు దూకుతూ, రెండు వైపుల గడియారాలనూ కలిపి ఉంచుకోవాల్సి వచ్చేది. తరచూ ఛార్జింగ్ పెట్టుకునే హెడ్‌సెట్‌కు ఇది నడిచింది గానీ, గంటకు నాలుగు అంకెలు పంపే థర్మామీటరుకు శుద్ధ దండగ. నోకియా 2006లో వైబ్రీ పేరుతో బయటపెట్టిన వేరే రేడియో పద్ధతి 2010లో బ్లూటూత్ 4.0లో చేరి లో ఎనర్జీ అయింది. పేరు ఒకటే అయినా ఇది పాత బ్లూటూత్‌తో నేరుగా మాట్లాడలేదు. ఫోన్లలో రెండూ ఉంటాయి కాబట్టి మనకు ఆ సంగతి తెలియదు.

ఇందులో 40 ఛానళ్లు ఉంటే, పరికరం తన ఉనికిని ప్రధానంగా మూడింటిలోనే ప్రకటిస్తుంది. ఒక ప్రకటనకూ మరో ప్రకటనకూ మధ్య 20 మిల్లీసెకన్ల నుంచి 10.24 సెకన్ల వరకు ఎంత ఎడమైనా పెట్టవచ్చు. ఫోన్ తెరవగానే అంకె కనబడాలన్న తొందరలో ఈ ఎడాన్ని బాగా తగ్గించిన సెన్సర్లే సెల్‌ను తినేస్తాయి. కొన్ని యాప్‌లు దీన్ని మార్చుకోనిస్తాయి, కొనేముందు ఆ సౌకర్యం ఉందేమో చూడండి.

వాకిలి:
మా ఇంట్లో తలుపు సెన్సర్లన్నీ జిగ్‌బీవే. దీనికి బలం, బలహీనత రెండూ మెష్‌లోనే, అంటే పరికరాలు ఒకదానికొకటి కబురు అందించుకునే వలలోనే ఉన్నాయి. బావి దగ్గరి బిందె చేతులు మారుతూ ఇంటికి చేరినట్టు, సెన్సర్ పంపిన సందేశం దగ్గర్లోని బల్బుకో ప్లగ్గుకో, అక్కడి నుంచి మరో దానికో అందుకుంటూ, సెన్సర్లన్నిటినీ కలిపి చూసే హబ్‌కు చేరుతుంది. ఇలా అందించే పని ఎప్పుడూ కరెంటు ఉండే పరికరాలది. సెల్‌తో నడిచేవి నిద్రపోతూ, లేచినప్పుడు తమ సందేశాలను అందించే పైపరికరాన్ని ఏమైనా సందేశాలున్నాయా అని అడిగి మళ్లీ పడుకుంటాయి.

చిక్కు ఎక్కడంటే, ఇంట్లోవాళ్లు అలవాటు కొద్దీ గోడ స్విచ్చి నొక్కి బల్బు ఆపేస్తారు. ఆ బల్బు మీద ఆధారపడిన సెన్సర్ దిక్కుతోచక కొత్త పైపరికరం కోసం మళ్లీ మళ్లీ వెతుకుతుంది. మా వరండా తలుపు తెరిస్తే సెన్సర్ మీద చిన్న దీపం మిణుకుమిణుకుమంటూనే ఉండేది, హబ్‌కు మాత్రం కబురు అందేది కాదు. దాని సెల్ మిగతావాటికంటే చాలా ముందే అయిపోయింది. తర్వాత స్విచ్చితో పనిలేని ప్లగ్గులను మాత్రమే మధ్యవర్తులుగా ఉంచాను; ఆ బెడద తీరింది.

రాగితీగ:
వాకిలి గారూ, ఇది బాగా పనికొచ్చే మాట. నా వైఫై రూటరూ, పెట్టబోయే హబ్బూ ఒకే బల్ల మీద ఉంటాయి. ఒకదానికొకటి అడ్డు రావా?

అంటెనా_మేస్త్రి:
వస్తాయి, కానీ తప్పించుకునే దారులున్నాయి. వైఫైలో ఎక్కువగా వాడే 1, 6, 11 ఛానళ్ల మధ్య ఖాళీల్లోనూ బ్యాండు అంచుల్లోనూ పడేలా లో ఎనర్జీ ప్రకటన ఛానళ్లను 2402, 2426, 2480 మెగాహెర్ట్జ్ దగ్గర పెట్టారు. పైగా కనెక్షన్ కుదిరాక బ్లూటూత్ రొద ఉన్న ఛానళ్లను వదిలేసి మిగతావాటిలో దూకుతుంది. జిగ్‌బీ అలా దూకదు. 11 నుంచి 26 వరకు ఉన్న 16 ఛానళ్లలో ఒకదాన్ని పట్టుకొని కూర్చుంటుంది. అందుకే వైఫైని 1, 6, 11లో ఒకదానికి కట్టేసి, జిగ్‌బీని 15, 20, 25లో ఒకదానిలో పెట్టుకుంటే రెండూ పెద్దగా ఒరుసుకోవు. నెట్‌వర్క్ కట్టకముందే ఎంచుకోండి, తర్వాత ఛానల్ మారిస్తే కొన్ని సెన్సర్లను మళ్లీ జతచేయాల్సి వస్తుంది.

హబ్ అంటే కంప్యూటరుకు గుచ్చే డాంగిల్ అయితే దాన్ని యూఎస్‌బీ 3 పోర్టు పక్కన పెట్టకండి. ఆ పోర్టులూ వాటికి తగిలించిన డిస్కులూ 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రొద వెదజల్లుతాయని ఇంటెలే 2012లో ఒక పత్రంలో వివరించింది. ఒక మీటరు పొడిగింపు తీగతో డాంగిల్‌ను దూరం జరిపితే చాలాసార్లు అద్భుతంగా కుదురుతుంది.

శ్రవణం:
సెన్సర్ల చర్చలో శబ్దం సంగతి తెస్తున్నందుకు ఏమీ అనుకోకండి, అదీ ఈ నిద్ర లెక్కతో ముడిపడినదే. పాత బ్లూటూత్ హెడ్‌ఫోన్లలో పాట బాగానే వినిపిస్తుంది. ఫోన్ వచ్చి మైకు తెరుచుకోగానే ధ్వని డబ్బాలోంచి వస్తున్నట్టు మారిపోతుంది. పాటకు ఒక పద్ధతి, రెండు వైపులా మాట్లాడడానికి మరో పద్ధతి ఉండడమే దీనికి కారణం. లో ఎనర్జీ మీదే శబ్దాన్ని పంపే ఏర్పాటు బ్లూటూత్ 5.2తో వచ్చింది. దానికి తోడైన ఎల్‌సీ3 అనే, శబ్దాన్ని కుదించే కోడెక్ తక్కువ డేటాతో మెరుగైన నాణ్యత ఇస్తుంది కనుక రేడియో మేలుకొని ఉండే సమయం తగ్గుతుంది.

మా అమ్మ వాడే వినికిడి యంత్రాల్లాంటి చిన్న బ్యాటరీ పరికరాలకు ఇది పెద్ద ఊరట. రెండు చెవులకూ విడివిడిగా, ఒకే తాళంలో శబ్దం అందుతుంది. ఆరాకాస్ట్ అనే బ్లూటూత్ ప్రసార సౌకర్యం ఉన్నచోట ఒక ప్రసారిణి నుంచి ఎందరైనా వినవచ్చు. అయితే పంపేదానిలోనూ వినేదానిలోనూ ఈ సౌకర్యం ఉండాలి. ఫోన్ కొత్తదైనంత మాత్రాన ఉంటుందనుకోకూడదు.

తాళంచెవి:
తలుపుకు సెన్సర్‌తో ఆగకుండా, ఫోన్ దగ్గరికి రాగానే తెరుచుకునే తాళం కూడా పెట్టాలనుకుంటే ఒక హెచ్చరిక. సిగ్నల్ బలాన్ని చూసి దూరాన్ని అంచనా వేసే తాళాలు నాకు నచ్చవు. మనిషి ఒంట్లోని నీరు ఈ తరంగాలను పీల్చుకుంటుంది కనుక ఫోన్ వెనక జేబులో ఉందా, చేతిలో ఉందా అన్నదాన్ని బట్టే అంచనా మారిపోతుంది. దొంగ మధ్యలో నిలబడి సిగ్నల్‌ను అందుకొని ముందుకు పంపితే, దూరంగా ఉన్న ఫోన్ కూడా తలుపు దగ్గరే ఉన్నట్టు తాళం నమ్మవచ్చు. అల్ట్రా వైడ్‌బ్యాండ్ అనే మరో రేడియో పద్ధతి తరంగాల ప్రయాణ సమయాన్నే కొలుస్తుంది కాబట్టి ఈ మోసం కష్టమవుతుంది. 2024లో వచ్చిన బ్లూటూత్ 6.0లోని ఛానల్ సౌండింగ్ ఉద్దేశమూ నమ్మదగిన దూరం కొలతే. ఇవేవీ లేకపోతే ఎన్‌ఎఫ్‌సీ మేలు. 13.56 మెగాహెర్ట్జ్ దగ్గర కొన్ని సెంటీమీటర్లలోనే పనిచేస్తుంది, దాని ట్యాగుకు అసలు బ్యాటరీయే అక్కర్లేదు.

వాకిలి:
థ్రెడ్ గురించి ఎవరూ చెప్పలేదు. రేడియో జిగ్‌బీదే, రెండింటికీ అడుగున ఉన్నది 802.15.4 అనే రేడియో ప్రమాణమే, పైన మాత్రం ప్రతి పరికరానికీ ఐపీవీ6 అనే ఇంటర్నెట్ తరహా చిరునామా ఉంటుంది. వేర్వేరు కంపెనీల ఇంటి పరికరాలను కలిపి నడిపేందుకు 2022 అక్టోబరులో వచ్చిన మ్యాటర్ 1.0 ప్రమాణం దీన్ని వాడుకుంటుంది, తొలిసారి జతచేసేటప్పుడు బ్లూటూత్ లో ఎనర్జీ సాయం తీసుకుంటుంది. థ్రెడ్ మెష్‌ను ఇంటి నెట్‌వర్క్‌తో కలిపే బోర్డర్ రూటర్ తప్పనిసరి. రెండు వేర్వేరు తయారీదారుల బోర్డర్ రూటర్లు ఉంటే అవి ఒకే నెట్‌వర్క్‌గా కలిశాయో లేదో చూసుకోండి. కలవకపోతే ఇంట్లో రెండు చిన్న మెష్‌లు ఏర్పడి రెండూ బలహీనంగా ఉంటాయి.

రాగితీగ:
అయితే తలుపులకు జిగ్‌బీ, ఫోన్‌లో చూసుకుంటే చాలనుకునే థర్మామీటర్లకు లో ఎనర్జీ తీసుకుంటాను. ఒకటి ఫ్రీజర్‌లో పెట్టాలి. అక్కడ సెల్ త్వరగా అయిపోతుందని విన్నాను, నిజమేనా?

అంటెనా_మేస్త్రి:
అయిపోయినట్టు కనబడుతుంది. చలికి సెల్ అంతర్గత నిరోధం పెరుగుతుంది. రేడియో లేచి ఒక్కసారిగా మిల్లీ ఆంపియర్లు లాగేసరికి ఓల్టేజి పడిపోయి, చిప్ ‘బ్యాటరీ లేదు’ అంటుంది, లేదా ఆగిపోయి మళ్లీ మొదలవుతుంది. సర్క్యూట్‌లో మంచి కెపాసిటర్ ఉంటే ఆ కుదుపును అది మోస్తుంది. దానికితోడు ఫ్రీజర్ ఇనుప గోడలు సిగ్నల్‌ను మింగేస్తాయి. తలుపు రబ్బరు అంచు దగ్గర పెడితే కొంత బయటికి వస్తుంది. తీగ చివర కొలిచే మొన ఉండి, పెట్టె బయట ఉండే రకం దొరికితే అదే తీసుకోండి. లోపల పెట్టేదే కొంటే, బ్యాటరీ హెచ్చరిక రాగానే సెల్ పారేయకుండా గది వేడికి రానిచ్చి ఓల్టేజి చూడండి.