మందు మానడానికి మందు వేసుకుంటే అది మానినట్టా, కాదా?

తెనాలి_అక్క:
మా తమ్ముడికి 38. పదకొండేళ్లుగా రోజూ తాగుడే. మూడు నెలల కిందట ఒక పూట మానేసరికి చేతులు వణికి, ఫిట్స్ వచ్చి ఆసుపత్రిలో పడ్డాడు. అక్కడ సైకియాట్రిస్ట్ వణుకు తగ్గాక నాల్ట్రెక్సోన్ 50 మిల్లీగ్రాములు రోజుకొకటి రాశారు, వారానికోసారి కౌన్సెలింగ్. బాగానే ఉన్నాడు, అన్నం తింటున్నాడు, షాపుకి వెళ్తున్నాడు. ఇప్పుడేమో వాడు వెళ్లే ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానేవాళ్లు ఒకరికొకరు తోడుండే సంఘం) మీటింగులో ఒక పెద్దాయన "మాత్ర మీద నిలబడ్డావు, నీది మానడం కాదు, ఒక మందు వదిలి ఇంకో మందు పట్టుకున్నావు" అన్నారట. అప్పట్నించి ఆపేస్తానని ఒకటే గొడవ. మీరేమంటారు?

గోదారి_గట్టు:
పెద్దాయన అన్నదాంట్లో తప్పేముంది అక్కా? కార్తీకం వస్తే మా ఊళ్లో చూడాలి, ఏడాదంతా బెల్టు షాపు దగ్గర పడుండేవాళ్లు అయ్యప్ప మాల వేసుకుని 41 రోజులు చుక్క ముట్టరు. ఏ మాత్ర వేసుకున్నారు? నేను 2016లో మానేశా, ఇప్పటిదాకా ముట్టలేదు, మాత్ర మొహం చూడలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా ఆపించింది మాత్రలతోనా? మనసులో గట్టిగా అనుకోవాలి అంతే.

వార్డు_నర్సు:
గట్టు అన్నా, మాల తీసిన రాత్రి సంగతి కూడా రాయండి మరి.

దూబగుంట వాళ్లు సరుకు ఆపించారు. 1995లో మద్యనిషేధం వచ్చింది, 97లో పోయింది కూడా. సరుకు ఆపడం వేరు, ఒళ్లు అలవాటు పడిపోయిన మనిషిని నిలబెట్టడం వేరు. 2020 మార్చిలో లాక్‌డౌన్‌కి షాపులన్నీ ఒక్కసారి మూసేస్తే ఏమైంది? ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకి ఎంతమందిని తీసుకొచ్చారో పేపర్లలో అందరం చూశాం. రోజూ గట్టిగా తాగేవాడు ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు, ఆ తర్వాత ఒకటి రెండు రోజులకి మతి తప్పి గోడ మీద పురుగులు పాకుతున్నాయనే స్థితి రావచ్చు, ప్రాణం పోయినవాళ్లూ ఉన్నారు. అందుకే మొదట వణుకు, ఫిట్స్ ఆపే లిబ్రియం లాంటివి, థయమిన్ (బి1 విటమిన్) ఇచ్చి దించుతాం. లిబ్రియం అలవాటయ్యే మాత్రే, కాబట్టే కొన్ని రోజుల్లో తగ్గించి ఆపేస్తాం.

తమ్ముడు వేసుకునేది అది కాదు. నాల్ట్రెక్సోన్‌తో కిక్కు రాదు, ఆపేస్తే వణుకూ రాదు. తాగినప్పుడు మెదడులో వచ్చే ఆ మజాని అడ్డుకుంటుంది, "ఇంకొక్క పెగ్గు" అనే లాగుడు తగ్గుతుంది. మన భాషలో రెండింటినీ "మందు" అనడం వల్ల వచ్చిన తిప్పలివి.

లెక్కల_మాస్టారు:
నర్సమ్మగారూ, మీరు చెప్పింది ఒప్పుకుంటూనే ఒక మాట. అమెరికాలో కంబైన్ అని పెద్ద పరీక్ష జరిగింది, 2006లో ఫలితాలొచ్చాయి, 1,383 మంది. నాల్ట్రెక్సోన్ పనిచేసింది, గట్టి కౌన్సెలింగ్ కూడా పనిచేసింది, కానీ రెండూ కలిపితే ఒక్కోదాని కంటే అదనంగా ఒరిగిందేమీ కనబడలేదు. తాగుడు మానడానికే ఇచ్చే ఇంకో మాత్ర అకాంప్రోసేట్ అయితే ఆ పరీక్షలో మందే లేని ఉత్తి మాత్రతో సమానంగానే తేలింది. మరి తమ్ముడికి మాత్ర, కౌన్సెలింగు రెండూ ఎందుకు?

గోదారి_గట్టు:
అదీ సంగతి! మాస్టారూ దండాలు.

వార్డు_నర్సు:
ఆగండాగండి. ఆ పరీక్షలో మాత్ర చేతిలో పెట్టి పంపేసిన వాళ్లెవరూ లేరు. మాత్ర తీసుకున్న ప్రతి ఒక్కరితో డాక్టరో నర్సో నాలుగు నెలల్లో తొమ్మిదిసార్లు కూర్చుని, వేసుకున్నావా, తాగావా, ఏమైందని మాట్లాడారు. మన దగ్గర ఓపీలో ఆ మాట్లాడటం ఎక్కడుంది, చీటీ రాసేలోపు తర్వాతి పేరు పిలుస్తారు. కాబట్టి ఇక్కడ "మాత్ర చాలు" అంటే నిజంగా మాత్ర ఒక్కటే మిగులుతుంది. మాత్ర అద్భుతమని నేనూ అనను. పరిశోధనలన్నీ కలిపి 2014లో వేసిన లెక్కలో, విపరీతంగా తాగడంలోకి మళ్లీ పడకుండా ఒకరిని ఆపాలంటే సుమారు 12 మందికి నాల్ట్రెక్సోన్ ఇవ్వాలి. ఆ ఒక్కడూ ఈ అక్క తమ్ముడైతే?

విజయనగరం_కోడలు:
నేను చేసిన బుద్ధితక్కువ పని చెప్తాను, ఎవరూ చెయ్యకండి. ఎవరో ఇచ్చిన డైసల్ఫిరామ్ (వేసుకున్నాక తాగితే ఒళ్లు తిరగబడే మాత్ర) మాత్రలు నూరి మా ఆయనకి తెలియకుండా మజ్జిగలో కలిపా. ఆయన సాయంత్రం తాగొచ్చారు. మొహం ఎర్రగా కందిపోయి, వాంతులు, గుండె దడ, బీపీ పడిపోయి ఐసీయూలో రెండు రోజులు. బతికారు. మా ఇద్దరి మధ్య నమ్మకం మాత్రం ఇంకా బాగుపడలేదు, ఇప్పటికీ నేనిచ్చిన మజ్జిగ తాగరు.

వార్డు_నర్సు:
ధైర్యంగా చెప్పావు తల్లీ. ఆ మాత్ర ఆపాక కూడా రెండు వారాల దాకా తాగితే అలాగే కావచ్చు. మనిషికి తెలిసి, ఒప్పుకుని వేసుకోవాల్సింది అది. "ఆయనకి తెలియకుండానే మాన్పించండి" అని అమ్మే పొడుల్లో ఏముంటుందో దేవుడికెరుక.

గోదారి_గట్టు:
నా మాట నేను మార్చుకోను, మనసు లేకపోతే ఏ మాత్రా పనిచెయ్యదు. కానీ నాకు ఫిట్స్ రాలేదు, ఆ మాట నిజమే. నేను క్వార్టర్ మనిషిని, వారానికి మూడు రోజులు. అక్క తమ్ముడి సంగతి వేరేమో.

లెక్కల_మాస్టారు:
ఇంకో మాట. సభ్యులు ఒకరికొకరు డాక్టర్లు కావద్దని ఏఏ వాళ్లే తమ సొంత కరపత్రంలో రాసుకున్నారు. పెద్దాయనకి అది చూపిస్తే సరి.

తెనాలి_అక్క:
అందరికీ థ్యాంక్స్. రాత్రి వాడికి ఇదంతా చదివి వినిపించా. మజ్జిగ దగ్గర మాత్రం లేచి వెళ్లిపోయాడు, ఎందుకో అడగలేదు. ఎన్నాళ్లు వేసుకోవాలని డాక్టర్ని అడిగితే ఆరు నెలలు, అవసరమైతే ఏడాది అన్నారు. మధ్యలో లివర్ పరీక్షలు చేయించాలి. నొప్పులకి ట్రమడాల్ లాంటి నల్లమందు జాతి మాత్రలు వాడకూడదట, పంటి డాక్టరుకి కూడా ముందే చెప్పమన్నారు. పొద్దున మాత్ర వేసుకున్నాడు. బుధవారం కౌన్సెలింగుకి నన్నూ రమ్మన్నాడు. పెద్దాయనకి ఏం చెప్పాలో తనే చూసుకుంటాడట.