34 ఎట్-బ్యాట్లకి 2 హిట్లు: కుర్ర ఇన్‌ఫీల్డర్‌ని ఎలా అంచనా వేయాలి?

కార్నర్‌సీటు:
బేస్‌బాల్‌లో కుర్ర ఇన్‌ఫీల్డర్ (బేస్‌ల దగ్గర కాపుండేవాడు) జాక్సన్ హాలిడేనే ఉదాహరణగా తీసుకుని అడుగుతున్నా. 2022 డ్రాఫ్ట్‌లో (జట్లు కొత్తవాళ్ళని వరసగా ఎంచుకునేది) నంబర్ 1. 2023లో ఒక్క సీజన్‌లోనే మైనర్ లీగుల్లో నాలుగు మెట్లు ఎక్కి .323 సగటు (ఎట్-బ్యాట్లలో హిట్ల వాటా) కొట్టాడు. 2024 ఏప్రిల్ 10న మేజర్ లీగ్ జట్టు బాల్టిమోర్ ఓరియోల్స్‌కి దిగి, 10 ఆటల్లో 34 ఎట్-బ్యాట్లకి 2 హిట్లు కొట్టి, మళ్ళీ కింది జట్టు నార్ఫోక్‌కి పోయాడు. ఆ ఏడాది మొత్తానికి .189. ఇలాంటివాడు మన డైనాస్టీ టీమ్‌లో (ఆటగాళ్ళని ఏళ్ళ తరబడి ఉంచుకునే ఫ్యాంటసీ ఆట) ఉంటే ఉంచాలా, అమ్మాలా? సగటు పక్కన పెడితే ముందు ఏ అంకె చూస్తారు? "చిన్నవాడు, ఓపిక పట్టు" అనొద్దు ప్లీజ్.

ఫుల్‌కౌంట్:
ఆ 2/34ని ముందు రెండు ముక్కలు చేయండి. 34లో 18 స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లు పడి అవుట్). మిగిలిన 16 సార్లు బంతి ఆటలో పడింది, అందులో 2 హిట్లు. ఆటలో పడ్డ బంతుల్లో మామూలుగా .300 దాకా హిట్లవుతాయి అనుకుంటే, 16కి 2 లేదా అంతకన్నా తక్కువ రావడం పదిసార్లకి ఒకసారి జరిగేదే. అంటే ఈ ముక్కలో దురదృష్టం పాలుంది, వదిలేయండి.

కానీ ఎట్-బ్యాట్ లెక్కలోకి రాని వాక్‌లు (నాలుగు జోన్ బయటి బంతులు వదిలి ఊరికే మొదటి బేస్‌కి పోవడం) కూడా కలిపితే, 36 సార్లు ప్లేట్‌కొచ్చి (బ్యాటింగ్‌కి దిగి) 18 స్ట్రైకౌట్లంటే 50 శాతం. 25 శాతం స్ట్రైకౌటయ్యే బ్యాటర్‌కి 36 సార్లలో అటూఇటూ 7 శాతం ఊగిసలాట సహజం. 50 అంటే దానికి మూడున్నర రెట్ల దూరం. ఇది అదృష్టం లెక్కలో సర్దుకునేది కాదు. అతని స్వింగ్‌లో పిచర్లకి ఏదో కన్నం దొరికింది.

అందుకే నా వరస ఇది: స్ట్రైకౌట్ శాతం సుమారు 60 సార్లు ప్లేట్‌కొచ్చాక కాస్త నమ్మొచ్చు, వాక్ శాతానికి 120 కావాలి. ఆటలో పడ్డ బంతుల సగటు నమ్మాలంటే 800 పైన బంతులు కావాలి, అంటే దాదాపు రెండు సీజన్లు. జనం మాత్రం సరిగ్గా దీన్నే మొదటి వారంలో చూసి తీర్పు చెప్పేస్తారు.

లెఫ్టీ_చూపు:
ఫుల్‌కౌంట్ గారి లెక్కకి ఒక మెట్టు కలపాలి. స్ట్రైకౌట్లు ఎక్కడినుంచి వస్తున్నాయో చూడండి. స్ట్రైక్ జోన్ బయటి బంతుల వెంట పడుతున్నాడా, లోపలి బంతికే బ్యాట్ తగలట్లేదా? రెండూ ఒకే రోగం కాదు. బయటి బంతుల వెంట పడేవాడికి కాలంతో ఓపిక రావొచ్చు. జోన్ లోపలే, ముఖ్యంగా ఛాతీ ఎత్తున 95 మైళ్ళ ఫోర్-సీమ్ ఫాస్ట్‌బాల్‌కి బ్యాట్ అందకపోతే, అది చేతుల వేగం, స్వింగ్ దారి మీద ఆధారపడింది. మార్చడానికి ఒక ఆఫ్-సీజన్ పడుతుంది.

ఇంకోటి: ఆ ఏళ్ళ ట్రిపుల్-ఏ (మేజర్స్‌కి ఒక్క మెట్టు కింది లీగ్) వాక్‌లకి కొంచెం తరుగు వేయండి. 2023, 2024లో అక్కడ యంత్రం కొలిచే స్ట్రైక్ జోన్ వాడారు, వాక్‌లు పెరిగాయి. అక్కడ వదిలేసిన అంచు బంతి అప్పట్లో మేజర్స్‌లో అంపైర్ చేతిలో స్ట్రైక్ అయ్యేది. పైగా హాలిడే 2023లో ట్రిపుల్-ఏలో ఆడింది 18 ఆటలే.

రెండోబేస్:
అందరూ బ్యాట్ గురించే! హాలిడే షార్ట్‌స్టాప్‌గా (రెండో, మూడో బేస్‌ల మధ్య కాపు) పెరిగాడు గానీ, బాల్టిమోర్‌లో అక్కడ గన్నర్ హెండర్సన్ ఉన్నాడు కాబట్టి రెండో బేస్‌కి జరిగాడు. విలువ లెక్కలో దీనికి ధర ఉంది: ఫ్యాన్‌గ్రాఫ్స్ (బేస్‌బాల్ గణాంకాల సైట్) పద్ధతిలో పూర్తి సీజన్‌కి షార్ట్‌స్టాప్‌కి +7.5 పరుగులు, రెండో బేస్‌కి +2.5. ఆ 5 పరుగుల లోటు బ్యాట్‌తోనే పూడ్చాలి.

టెక్సస్‌లో ఫ్రిస్కో చుట్టుపక్కల వాళ్ళకి డబుల్-ఏ (మేజర్స్‌కి రెండు మెట్ల కింది లీగ్) జట్టు రఫ్‌రైడర్స్ ఆటలు దగ్గరే కదా. అక్కడ కుర్ర ఇన్‌ఫీల్డర్‌ని చూసేప్పుడు బంతి మీదనుంచి కళ్ళు తీసి అతని పాదాలు చూడండి. బ్యాట్‌కి తగిలే క్షణానికి చిన్న గెంతు వేసి రెండు పాదాలూ నేలమీద ఉండాలి. మడమల మీద నిలబడి ఉంటే మొదటి అడుగు ఆలస్యం, ఎంత మంచి చేయైనా దండగ. డబుల్-ప్లేలో (ఒకే బంతికి ఇద్దరిని అవుట్ చేయడం) త్రో అందుకున్నాక బేస్ దాటి పక్కకి తొలగుతున్నాడా, అక్కడే గడ్డకట్టి విసురుతున్నాడా చూడండి. స్టాప్‌వాచ్ ఉంటే, సగటు పరుగు ఉన్న కుడిచేతి బ్యాటర్ మొదటి బేస్‌కి 4.3 సెకన్లలో చేరతాడు. పట్టడం, విసరడం అంతలో అయిపోవాలి.

కార్నర్‌సీటు:
బాగుంది. మరి రెడ్ సాక్స్ రెండో బేస్ ఆటగాడు పెడ్రోయా 2006లో .191 కొట్టి, 2007లో రూకీ ఆఫ్ ది ఇయర్ (ఉత్తమ కొత్త ఆటగాడు), 2008లో ఎమ్‌వీపీ (లీగ్ ఉత్తమ ఆటగాడు) అయ్యాడుగా? యాంకీస్ షార్ట్‌స్టాప్ వోల్పీ 2023లో .209తోనే గోల్డ్ గ్లవ్ (ఉత్తమ ఫీల్డర్ అవార్డు) తెచ్చుకున్నాడు.

ఫుల్‌కౌంట్:
నిలబడ్డవాళ్ళ పేర్లే గుర్తుంటాయి అన్నా. 2004లో నంబర్ 1గా తీసుకున్న షార్ట్‌స్టాప్ మ్యాట్ బుష్ బ్యాట్ పనిచేయలేదు. పిచర్‌గా మారి, 2016లో గానీ మేజర్స్‌కి రాలేదు. పెడ్రోయాకి స్ట్రైకౌట్లు ఎప్పుడూ తక్కువే, అక్కడే తేడా.

హాలిడే 2024 మొత్తం స్ట్రైకౌట్ శాతం 33. 2025లో అది 22 దగ్గరికి దిగింది, .242, 17 హోమ్‌రన్‌లు. కాబట్టి వారం వారం సగటు చూడకండి. 100 ప్లేట్ అప్పియరెన్సులకి ఒకసారి స్ట్రైకౌట్ శాతం రాసుకోండి. మూడు ముక్కలు వరసగా దిగుతుంటే ఉంచండి. 30 పైనే కదలకుండా ఉంటే, డ్రాఫ్ట్ నంబర్ చూసి మోజుపడే కొనేవాడు ఇంకా ఉన్నప్పుడే అమ్మేయండి.