పూల డిజైన్ పెద్దల డైపర్: చప్పుడు, దద్దుర్లు లేని రకం ఏది?

అమ్మకు రాత్రిళ్లు టేపు డైపర్ తప్పడం లేదు. తెల్లటివి ఆస్పత్రిని గుర్తు చేస్తాయని వద్దంటుంది, లేత రంగు పూలున్నవైతే ఇష్టంగా వేయించుకుంటుంది. ఆ ఇష్టం పోకూడదనే నా తాపత్రయం.

ఇబ్బందంతా బయటి పొరతోనే. ఇప్పుడు వాడేది ప్లాస్టిక్ పొర. కారదు గానీ, పక్కకు తిరిగినప్పుడల్లా గరగరమని చప్పుడు. తెల్లారేసరికి తొడల మడతల్లో చెమట, ఎర్రటి దద్దుర్లు. జింక్ ఆక్సైడ్ క్రీమ్ పలచగా రాసినా తగ్గలేదు.

గాలి ఆడే గుడ్డలాంటి పొర ఉన్న పూల రకం కూడా చూశాం. దద్దుర్లు తగ్గాయి. కానీ టేపు ఒకసారి విప్పి మళ్లీ పెడితే పైపొర నూగు లేచిపోయి పట్టు వదిలేస్తోంది, పక్కకు తిరిగి పడుకుంటే తుంటి దగ్గర కారుతోంది. చిన్న సైజు వేస్తే కాళ్ల దగ్గర ఒరుసుకుంది.

నడుము 38 అంగుళాలు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా, మధ్యలో ఒకసారి మారుస్తాం. పడుకోబెట్టే మార్చాలి కాబట్టి ప్యాంటు రకం కుదరదు.

మధ్యలో ప్లాస్టిక్, నడుము చుట్టూ వచ్చే పక్క రెక్కల దగ్గర మాత్రం గాలి ఆడే పొర, ముందు టేపు కోసం విడిగా గట్టి పట్టీ ఉన్న పూల డిజైన్ డైపర్ ఎవరైనా వాడి ఉంటే, పక్కకు తిరిగి పడుకున్నా రాత్రంతా కారకుండా ఆగిందా?