తమ్ముడి పిల్లలకు విశ్వాసం గురించి నేను ఎంతవరకు చెప్పవచ్చు?

ప్రశ్న (ఒక మేనత్త):

ప్రభువు నామంలో అందరికీ వందనాలు. నా తమ్ముడికి తొమ్మిదేళ్ల కూతురు, ఆరేళ్ల కొడుకు ఉన్నారు. చిన్నప్పుడు మేమిద్దరం చెయ్యీ చెయ్యీ పట్టుకుని సండేస్కూలుకు వెళ్లినవాళ్లమే అయినా, తమ్ముడు చాలాకాలంగా సంఘానికి దూరంగా ఉంటున్నాడు. మరదలికి ఈ విషయాల్లో ఆసక్తి లేదు. సెలవులకు పిల్లలు నా దగ్గరికి వస్తారు. కిందటిసారి, రాత్రి నేను మోకరించి ప్రార్థన చేసుకుని లేచేసరికి పాప తలుపు దగ్గర నిలబడి ఉంది. "అత్తా, నా పేరు ఎవరితో చెబుతున్నావు?" అని అడిగింది. "యేసయ్యతో చెబుతున్నానమ్మా" అన్నాను. మరునాడు తన బొమ్మల పుస్తకం చివరి పేజీలో అమ్మ, నాన్న, తమ్ముడు, బడిలో తనతో మాట్లాడడం మానేసిన స్నేహితురాలు అంటూ వరుసగా పేర్లు రాసుకొచ్చి, "వీళ్లవి కూడా చెప్పు" అని నా చేతిలో పెట్టింది.

ఆ పేజీ తరువాత నా తమ్ముడి కంటబడింది. "పెద్దయ్యాక వాళ్లే తేల్చుకుంటారు, ఇప్పటినుంచే వాళ్లకు ఏమీ నూరిపోయకు అక్కా" అన్నాడు. కోపంగా కాకుండా నెమ్మదిగా అన్నాడు గనుక ఆ మాట నాలో మరింత లోతుగా దిగింది. పిల్లలకు వాక్యం నేర్పే బాధ్యతను ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయం మొదట తల్లిదండ్రులకే అప్పగించిందని నాకు తెలుసు. వాళ్లు దానిని పక్కన పెట్టినప్పుడు మేనత్త చేపట్టవచ్చా? తమ్ముడికి తెలియకుండా చెబితే అతన్ని మోసగించినట్లు కాదా? నోరు మూసుకుంటే, అడిగిన పిల్లకు జవాబు దాచినదాన్ని కానా?

జవాబు 1 (సండేస్కూలు ఉపాధ్యాయుడు):

అమ్మా, ఇలాంటి ప్రశ్న వచ్చినప్పుడు అందరూ పౌలు శిష్యుడైన తిమోతి అవ్వ లోయిని, తల్లి యునీకేను తలుచుకుంటారు. అది సరైనదే, తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడని అపొస్తలుల కార్యములు 16లో ఉంది కాబట్టి, ఇంట్లో అందరిదీ ఒకే విశ్వాసం కాకపోయినా బిడ్డ లేఖనాలు ఎరిగి పెరగవచ్చునని ఆ కుటుంబం చూపిస్తుంది. అయితే మీరు మేనత్త గనుక, మరొక మేనత్తను గుర్తు చేయాలని ఉంది. యూదా రాజైన అహజ్యా చనిపోయాక అతని తల్లి అతల్యా రాజవంశాన్ని తుడిచిపెట్టబూనినప్పుడు, అహజ్యా కుమారుడు, పసివాడైన యోవాషును దాదితో సహా పడకగదిలో దాచి బతికించినది అహజ్యా సహోదరి యెహోషెబ, అంటే ఆ బిడ్డకు స్వయానా మేనత్త. ఆమె భర్త యాజకుడైన యెహోయాదా. 6 సంవత్సరాలు మందిరంలో దాగి పెరిగిన ఆ బిడ్డ 7వ ఏట రాజయ్యాడు.

ఈ కథను మేము పిల్లలకు పట్టాభిషేకం దగ్గర ముగించేస్తాం. పెద్దవాళ్లమైన మనం మాత్రం 2 దినవృత్తాంతములు 24 వరకు చదవాలి. యెహోయాదా బ్రతికినంతకాలం యోవాషు సరిగానే నడిచాడు. ఆయన చనిపోయాక అధిపతుల మాట విని మందిరాన్ని విడిచిపెట్టాడు, చివరికి తనను పెంచినవాని కుమారుడైన జెకర్యాను మందిరపు ఆవరణంలోనే రాళ్లతో కొట్టించాడు. ఎన్నో ఏళ్లుగా పిల్లలకు బోధిస్తున్న నాకు ఈ అధ్యాయం చదివిన ప్రతిసారీ భయం వేస్తుంది. నా పిల్లలు నన్ను బట్టి ప్రార్థిస్తున్నారా, దేవుని ఎరిగి ప్రార్థిస్తున్నారా అని నన్ను నేను ప్రశ్నించుకుంటాను.

కాబట్టి ఆ పాప మళ్లీ పేర్ల పేజీ తెస్తే, మీరు ఒక్కరే చదివి పెట్టకండి. "నువ్వే చెప్పమ్మా, ఆయన వింటాడు" అనండి. నేను ఇవ్వగలిగిన సలహా ముఖ్యంగా ఇదే.

జవాబు 2 (ఒక మేనల్లుడు):

రహస్యం సంగతి నేను చెప్పగలను, ఎందుకంటే అలా పెరిగినవాణ్ని. మా పెద్దమ్మ నన్ను ప్రేమతోనే ప్రార్థనకు తీసుకువెళ్లేది గానీ, తిరిగి వచ్చేటప్పుడు వీధి మలుపు దగ్గర ఆగి "అమ్మతో చెప్పకు నాన్నా" అనేది. ఆ మాట వల్ల నాకు ఎనిమిదేళ్లకే ప్రార్థన అంటే అమ్మ దగ్గర దాచవలసిన పని అయిపోయింది. విషయం బయటపడిన రోజున అమ్మ ఏడ్చింది దేవుని గురించి కాదు, నేను అబద్ధం చెప్పడం నేర్చుకున్నానని. ఆ తరువాత చాలా ఏళ్లు బైబిలు ముట్టుకోలేకపోయాను.

నన్ను తిరిగి తెచ్చినది అమ్మమ్మ. ఆవిడ నాకు ఏనాడూ బోధించలేదు. అందరూ చూస్తుండగానే కిటికీ పక్కన కూర్చుని చదువుకునేది, అడిగితే చెప్పేది, లేకపోతే ఊరుకునేది. ఆవిడ పోయాక ఆ బైబిలు నా చేతికి వచ్చింది. కీర్తనల పక్కన పెన్సిలుతో సన్నగా తేదీలు వేసి ఉన్నాయి. 121వ కీర్తన పక్కన ఉన్నది నా పదో తరగతి పరీక్షలు మొదలైన రోజు. అలాంటివి ఇంకా పదకొండు దొరికాయి. మీరు దయచేసి దాచి చెప్పకండి అక్కా, చెప్పడం మాత్రం మానకండి.

జవాబు 3 (కతోలిక కుటుంబానికి చెందిన ఒక జ్ఞానతల్లి):

మా శ్రీసభలో ఈ బాధ్యతకు జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి అని ఒక పేరే ఉంది. 1983 నాటి కానన్ చట్టం (మా శ్రీసభ నియమావళి) 874వ నియమం ప్రకారం, జ్ఞానస్నానం పొందే బిడ్డకు సొంత తల్లిగానీ తండ్రిగానీ జ్ఞానతల్లిదండ్రులుగా ఉండరాదు. వేరొకరు ఉండాలి, సాధారణంగా వారికి 16 ఏళ్లు నిండి ఉండాలి. అంటే తల్లిదండ్రులు కాక మరొక పెద్ద మనిషి ఆ బిడ్డ విశ్వాసానికి తోడు నిలవాలని సంఘమే కోరుతోంది. అదే చట్టంలోని 868వ నియమం, ప్రాణాపాయం లేనప్పుడు, తల్లిదండ్రులలో కనీసం ఒకరి సమ్మతి లేకుండా పసిబిడ్డకు జ్ఞానస్నానం ఇవ్వడం తగదని చెబుతుంది. తోడు నిలవండి, సమ్మతి అడగండి.

జవాబు 4 (ఒక బాబాయి):

"పెద్దయ్యాక తేల్చుకుంటారు" అనే మాటతో నేను ఏకీభవించలేను. ఎన్నడూ వినని దానిని ఎవరూ తేల్చుకోలేరు. 78వ కీర్తన తరువాతి తరానికి దాచవద్దనే చెబుతోంది. కానీ ఇక్కడ అందరూ పిల్లల గురించే మాట్లాడుతున్నారు, ఆ తమ్ముడి సంగతి ఎవరూ ఎత్తలేదు. పంఫూలియలో పని మధ్యలో విడిచి వెళ్లిపోయిన మార్కును పౌలు మళ్లీ వెంటబెట్టుకోవడానికి ఒప్పుకోకపోతే, పౌలు జతపనివాడైన బర్నబా అతన్ని తనతో కుప్ర ద్వీపానికి తీసుకువెళ్లాడు. మార్కు బర్నబాకు దగ్గరి బంధువని కొలొస్సయులు 4:10లో ఉంది. తరువాత అదే మార్కును వెంటబెట్టుకు రమ్మని పౌలే తిమోతికి రాశాడు. తల్లీ, సండేస్కూలుకు మీ చెయ్యి పట్టుకుని వచ్చిన ఆ చిన్నవాడు ఎందుకు దూరమయ్యాడో మీరు ఎప్పుడైనా కూర్చోబెట్టి అడిగారా? పిల్లలకు చెప్పడానికి అనుమతి అడిగే ముందు, అతని మాట వినండి.

ప్రశ్న అడిగినవారి స్పందన:

బాబాయిగారి మాట చదివి రెండు రోజులు నిద్ర పట్టలేదు, ఎందుకంటే నేను ఎన్నడూ అడగలేదు. నిన్న రాత్రి తమ్ముడికి ఫోన్ చేశాను. నాన్నగారు మంచాన పడ్డప్పుడు, "నీ విశ్వాసం తక్కువ కాబట్టే ఆయనకు నయం కాలేదు" అని సంఘంలో ఒక పెద్దమనిషి వాడితో అన్నారట. అప్పుడు వాడికి పంతొమ్మిదేళ్లు. అదే సంఘంలో, అదే బల్ల మీద కూర్చుంటున్న నాకు ఆ సంగతి ఇన్నేళ్లూ తెలియలేదు. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడుకోలేకపోయాం.

చివరికి వాడే అన్నాడు: పిల్లలు అడిగితే జవాబు చెప్పవచ్చు, సంఘానికి తీసుకువెళ్లాలంటే ముందు తనను అడగాలి, జబ్బుల గురించి మాత్రం అలాంటి మాట ఏదీ వాళ్ల చెవిన పడకూడదు. మూడింటికీ ఒప్పుకున్నాను. మూడోది వాడు చెప్పకపోయినా పాటించవలసినదే. వచ్చే సెలవుల్లో పాప పేజీ తెస్తే, ఉపాధ్యాయుడుగారు చెప్పినట్లు తననే చదవమంటాను. బాబు ఇంకా ఏమీ అడగలేదు, వాడిని అలాగే ఉండనిస్తాను.