‘విశ్వాసమువలననే’: ఈ చివరి ‘ఏ’కి అర్థం ‘మాత్రమే’ అనా?

ప్రశ్న:
మతచర్చ మొదలుపెట్టే ఉద్దేశం లేదండీ, మాట గురించే అడుగుతున్నాను. పాత తెలుగు బైబిల్లో పౌలు రోమీయులకు రాసిన పత్రిక 3:28లో, ధర్మశాస్త్ర క్రియలు (అంటే యూదుల మోషే ధర్మశాస్త్రం చెప్పిన పనులు) లేకుండా ‘విశ్వాసమువలననే’ మనిషి నీతిమంతుడుగా తీర్చబడతాడని ఉంది. యాకోబు పత్రిక 2:24కి వస్తే ‘విశ్వాసమూలమున మాత్రము కాక, క్రియల మూలమునను’ అని ఉంది. ‘వలననే’ అన్నా ‘మాత్రము’ అన్నా ఒకటే అయితే పౌలు కట్టినదాన్ని యాకోబు కూల్చినట్టే కదా? ఇంట్లో రెండు రోజులుగా ఇదే వాదన. ‘ఏ’కీ ‘మాత్రమే’కీ తేడా ఉందా, లేదా?

జవాబు:
తేడా ఏముంటుందండీ. ‘నీవల్లే చెడిపోయాను’ అంటే నీ ఒక్కడివల్ల అనేగా!

జవాబు:
పై జవాబుతో నేను ఏకీభవించను. ‘ఏ’ అవధారణార్థకం. అంటే ఉన్న మాటను గట్టిపరుస్తుంది. ఆ గట్టిపరచడంలో ఒక్కోసారి పక్కవాటిని తోసేస్తుంది, ఒక్కోసారి తోసెయ్యదు. ‘పొద్దున్నే లేచాను’లో ఏం తోసేశాం? ‘మాత్రము’ దారి వేరు. మాత్ర అంటే కొలత. ఛందస్సులో మాత్ర, మందులషాపులో మాత్ర, రెండూ కొలతలే. ‘విశ్వాసము మాత్రము’ అంటే ‘ఆ మేరకు, అంతవరకే’ అని. ‘వర్షంవల్లే ఆలస్యమైంది, నిద్రపోయి కాదు’ అన్నప్పుడు ‘ఏ’ రెండిట్లో ఏది అన్నదానికి జవాబు. ‘వర్షంవల్ల మాత్రమే కాదు, బండి కూడా చెడిపోయింది’ అన్నప్పుడు ‘మాత్రమే’ ఇది చాలా, ఇంకా ఉందా అన్నదానికి జవాబు. పౌలుకు కావలసింది మొదటిది: ధర్మశాస్త్రమా, విశ్వాసమా? యాకోబుది రెండోది.

ఇందులో అసలు తమాషా ఏమిటంటే, గ్రీకు మూలంలో రోమా 3:28 దగ్గర ‘మాత్రమే’ అనే మాట లేదు. ‘విశ్వాసముచేత’ అని ఊరుకున్నాడు పౌలు. ప్రొటెస్టెంటు ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్ 1522లో కొత్త నిబంధనను జర్మన్‌లోకి తెచ్చినప్పుడు అక్కడ ‘అల్లైన్’ అనే మాట చేర్చాడు. అల్లైన్ అంటే ‘మాత్రమే’. లేని మాట ఎలా పెట్టావని ప్రత్యర్థులు పట్టుకున్నారు. 1530లో అనువాదం గురించి ఒక బహిరంగ లేఖ రాసి జవాబిచ్చాడు. ఆ జవాబులో వేదాంతమూ ఉంది కానీ ముందు వచ్చేది వ్యాకరణం. రెండు సంగతులు చెప్తూ ఒకటి ఔనని, ఒకటి కాదని అనాల్సివస్తే జర్మన్ నోటికి ఆ మాట సహజంగా వస్తుందంటాడు. రైతు ధాన్యం మాత్రమే తెచ్చాడు, డబ్బు తేలేదు: ఇదీ అతనిచ్చిన ఉదాహరణ. దీన్నే మనం ఎలా అంటాం? ‘రైతు ధాన్యమే తెచ్చాడు, డబ్బు తేలేదు.’ జర్మన్‌లో ఒక పూర్తి మాట చేర్చాల్సివచ్చింది, అందరి కంటా పడింది. తెలుగులో ఒక్క అచ్చుతో పని అయిపోయింది, ఎవరూ గమనించలేదు.

జవాబు:
మాస్టారూ, ఒక్క అభ్యంతరం. ‘వర్షంవల్లే కాదు, బండివల్ల కూడా’ అంటాం కదా? అక్కడ ‘ఏ’ అచ్చం ‘మాత్రమే’ పని చేస్తోంది. మీ గోడ నిలబడదేమో.

జవాబు:
నిజమే, గోడ అన్నది నేను వెనక్కి తీసుకుంటాను. ‘కాదు’ వెంట వస్తే ‘ఏ’ ‘మాత్రమే’లోకి జారిపోతుంది. కాబట్టి ఒంటరిగా ‘ఏ’ని పట్టుకుని తీర్పు చెప్పలేం. రోమా వాక్యంలో ‘లేకుండ’ అని పక్కనే ఉంది కనుక ఏది తోసేస్తున్నాడో తెలుస్తోంది. పౌలు తోసేసింది ధర్మశాస్త్ర క్రియల్ని. యూదులు కానివాళ్లు సున్నతి చేయించుకోవాలా అన్న గొడవ ఆ రోజుల్లో పెద్దది. యాకోబు చెప్పే క్రియలు వేరు. బట్టల్లేనివాడికి చేతిలో ఏమీ పెట్టకుండా ‘వెళ్లి చలి కాచుకో’ అని పంపేస్తే ఏం లాభం అంటాడు.

జవాబు:
మీరంతా ‘ఏ’ దగ్గరే ఆగిపోయారు. నాకు ‘తీర్చబడు’ ఇంకా ఆసక్తి. తగువు తీర్చడంలోనూ, తీర్పు తీర్చడంలోనూ ఉన్న ‘తీర్చు’, తీర్చిదిద్దడంలోనూ ఉంది. మొదటిది న్యాయమూర్తి పని, రెండోది శిల్పి పని. దేవుడు మనిషిని నీతిమంతుడని ప్రకటిస్తాడా, నీతిమంతుడిగా మలుస్తాడా అన్నదే కదా ప్రొటెస్టెంట్లకూ కాథలిక్కులకూ మధ్య నలిగిన తగాదా! 1547లో కాథలిక్కుల ట్రెంట్ మహాసభ ‘విశ్వాసం మాత్రమే చాలు, మనిషి పక్షాన ఇంకేమీ అక్కర్లేదు’ అనే అర్థాన్ని ఖండించింది. 1999లో ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్లూ కాథలిక్కులూ దీని గురించి ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు చేసేదాకా నాలుగున్నర శతాబ్దాలు పట్టింది. మన అనువాదకులకు ఆ ఉద్దేశం ఉందో లేదో గానీ, తగాదా మొత్తాన్నీ ఒక్క క్రియాపదంలో ఇరికించేశారు. గ్రీకులో అదే క్రియ యాకోబులోనూ ఉంది. తెలుగులో మాత్రం అక్కడ 2:21లో ‘తీర్పు పొందలేదా’ అనీ, 2:24లో ‘యెంచబడు’ అనీ మార్చి మార్చి పెట్టారు. దాంతో రెండు పత్రికల్లోనూ ఒకే మాట ఉందని తెలుగులో చదివేవారికి తట్టదు.

జవాబు:
‘విశ్వాసం’ని వదిలేశారే. కుక్కకు విశ్వాసం ఉందంటాం. అంటే కుక్క ఏదో సిద్ధాంతాన్ని ఒప్పుకుందని కాదు కదా! విశ్వాసఘాతకుడు అంటే నమ్మనివాడు కాదు, నమ్మినవాణ్ణి దెబ్బతీసినవాడు. గ్రీకు ‘పిస్తిస్’లోనూ ఈ రెండూ ఉన్నాయి: నమ్మడం, నమ్మకంగా ఉండడం.

తెలుగుకు ఇంకో సౌకర్యం కూడా ఉంది. ‘నమ్మడం’ వేరు, ‘నమ్ముకోవడం’ వేరు. దేవుడున్నాడని నమ్మడం ఒక అభిప్రాయం. దేవుణ్ణి నమ్ముకోవడం అంటే, భూమిని నమ్ముకున్న రైతులాగా, బరువంతా అక్కడే మోపడం. భూమిని నమ్ముకున్నవాడు నాగలి ముట్టకుండా కూర్చుంటాడా? యాకోబు 2:19లో ‘దయ్యములును నమ్మి వణకుచున్నవి’ అంటాడు. చూడండి, దయ్యాలు నమ్మాయి, నమ్ముకోలేదు. లూథర్ తర్వాతి తరం ప్రొటెస్టెంటు వేదాంతి జాన్ కాల్విన్ 1547లో ట్రెంట్‌కు జవాబు రాస్తూ, నీతిమంతుణ్ణి చేసేది విశ్వాసం ఒక్కటే గానీ ఆ విశ్వాసం ఒంటరిగా ఉండదని అన్నాడు. నా మటుకు నాకు ‘నమ్ముకోవడం’ అనే ఒక్క మాటలో ఆ రెండు ముక్కలూ వచ్చేశాయి. ‘కొను’ చేసే పని ఇంతింత కాదు.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ‘నమ్ముకోవడం’ ఇంట్లో చెప్పాను, కాసేపు నిశ్శబ్దం. తర్వాత మా నాన్నగారు ఎఫెసీ 2:8 తీశారు: ‘మీరు విశ్వాసముద్వారా కృపచేతనే రక్షింపబడియున్నారు’. ఇక్కడ ‘ఏ’ విశ్వాసం మీద లేదు, కృప మీద ఉంది. ఇప్పుడేమంటారు అని అడుగుతున్నారు.

జవాబు:
మీ నాన్నగారు సరైన చోట వేలు పెట్టారండీ. గ్రీకులోనూ అక్కడ రెండు వేర్వేరు రూపాలు. కృపకు ‘చేత’, విశ్వాసానికి ‘ద్వారా’. నీళ్లు గొట్టం ద్వారా వస్తాయి, గొట్టంవల్ల పుట్టవు.