నెలనెలా డబ్బిస్తే ఆసామి కౌలు పెంచేస్తాడా? కోనసీమ వాళ్లు కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. కనీస ఆదాయం, సామాజిక న్యాయం మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. 2011లో మధ్యప్రదేశ్ పల్లెల్లో ‘సేవా’ మహిళా సంఘం మొదలుపెట్టిన ప్రయోగంలో పెద్దలకు నెలకు 200, పిల్లలకు 100 రూపాయలు ఏ షరతూ లేకుండా ఇచ్చారు. తర్వాత 300, 150 చేశారు. పొలం ఉందా అని అడగలేదు. కేంద్రం ఏడాదికిచ్చే పీఎం కిసాన్ 6,000 మాత్రం భూమి ఎవరి పేరున ఉంటే వాళ్లకే. మా అమలాపురం వైపు చేలో దిగేది ఒకరు, డబ్బు పడేది హైదరాబాద్‌లో ఉన్న ఆసామి ఖాతాలో.

నాకు తేలనిది ఒక్కటే. కౌలు రైతుకే నెలనెలా డబ్బొస్తే, ఆసామి సార్వాకి (ఖరీఫ్ పంటకి) ఇంకో రెండు బస్తాల ధాన్యం ఎక్కువ అడగడా? మా గైడ్ గారు అడగడంటారు. ఊళ్లో అరుగు మీద ఇదే అంటే నవ్వారు!

మీ ఇంట్లో కౌలు చేసినవాళ్లుంటే చెప్పండి. పథకాలొచ్చాక ఎకరానికి బస్తాలు పెరిగాయా? దాళ్వాకి (రబీ పంటకి) లెక్క వేరా? 2019 పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే 11 నెలల కౌలు కార్డుకి ఆసామి సంతకం పెట్టాడా, మొహం చాటేశాడా? నోటిమాట ఒప్పందాలైనా పరవాలేదు. పాత లెక్కల పుస్తకం ఉంటే పేర్లు కప్పేసి ఫొటో పెట్టండి, అదే నాకు బంగారం.