కుండీలో పూసేదాన్ని బ్రహ్మకమలం అనొచ్చా?

ప్రశ్న: నిన్న రాత్రి మా బాల్కనీలో బ్రహ్మకమలం పూసింది. పక్కింటి వాళ్లందరూ వచ్చి చూశారు, అమ్మ హారతి ఇచ్చింది. ఫొటో పెట్టగానే ఒకాయన "అది బ్రహ్మకమలం కానే కాదు, తప్పుగా పిలుస్తున్నారు" అన్నారు. అప్పటినుంచి మనసు ఊరుకోవడం లేదు. మరి తెలుగులో ఏమనాలి?

జవాబు: ఆయన అన్నదాంట్లో నిజం ఉందండి. హిమాలయాల్లో 3,000 మీటర్ల పైన రాళ్ల మధ్య పూసే బ్రహ్మకమలం వేరు. అది చామంతి కుటుంబానిది, ఉత్తరాఖండ్ రాష్ట్ర పుష్పం. కేదార్‌నాథ్‌లో స్వామికి పెట్టే పువ్వు అదే. మన కుండీల్లోది మెక్సికో, గ్వాటెమాలా వైపు అడవుల్లో చెట్ల కొమ్మల మీద పెరిగే కాక్టస్. దాని శాస్త్రీయ నామం ఎపిఫిల్లం ఆక్సీపెటాలం. ఎపిఫిల్లం అంటే "ఆకు మీదిది". నిజానికి మనం ఆకు అనుకునేది ఆకు కాదు, ఆకులా చదునైన కాండం. ఇంటర్ బోటనీలో పత్రాభకాండం అని చదువుకున్నది ఇదే.

కానీ పేరు తప్పు అనడానికి నాకు మనసొప్పదు. చైనాలో ఇదే పువ్వును తాన్‌హువా అంటారు. ఆ "తాన్" మన ఉదుంబరం నుంచి వెళ్లింది, అంటే మేడి! మూడు వేల ఏళ్లకొకసారి పూస్తుందని బౌద్ధులు చెప్పుకున్న ఉదుంబర పుష్పం పేరు, ఒక్క రాత్రిలో వాడిపోయే ఈ పువ్వుకి పెట్టుకున్నారు. మలయాళీలు నిశాగంధి అన్నారు. ఎక్కడో పుట్టిన పువ్వు ఇంటికొస్తే, తమకున్న వాటిలో గొప్ప పేరు వెతికి పెట్టారు. మనవాళ్లు చేసిందీ అదే.

ఇంకొకరు: జెముడు అంటే సరిపోదా? నాగజెముడు ఉంది కదా.

జవాబు: కాక్టస్ కుటుంబానికైతే సరిపోతుంది. అయితే జెముడు మాట మొదట ఇక్కడి పాలజాతి మొక్కలది. బొంతజెముడు గిల్లితే పాలు కారతాయి. నాగజెముడు అమెరికా ఖండం నుంచి వచ్చింది, దానికి పాలుండవు, రూపం చూసి ఆ మాటే దానికీ ఇచ్చారు. పోనీ ముందు బ్రహ్మ చేరుద్దామంటే, బ్రహ్మజెముడు అనే ముళ్ల మొక్క వేరే ఉంది.

మరొకరు: చెట్ల మీద పెరుగుతుంది అన్నారు. అయితే బదనికలాంటిదేనా?

జవాబు: కాదండీ, ఇక్కడ మాట విషయంలో జాగ్రత్తగా ఉండాలి. మామిడి కొమ్మ మీద బదనిక వేళ్లు లోపలికి దించి చెట్టు రసం తాగుతుంది. ఇది బెరడుని పట్టుకుని కూర్చుంటుంది, అంతే. వాన నీళ్లు, కొమ్మల సందుల్లో కుళ్లిన ఆకులు, వాటితోనే బతుకుతుంది. పుస్తకాల్లో "వృక్షోపజీవి" అని రాస్తారు, అందులో "ఉపజీవి" వినగానే చెట్టుని పీల్చేదనే అనిపిస్తుంది. నేనైతే "చెట్టు మీది మొక్క" అనే అంటాను.

ఇదంతా మాటల గొడవే అనుకోకండి. కమలం అన్నారు కదా అని మా ఇంట్లో కుండీ కింద ప్లేటులో ఎప్పుడూ నీళ్లు ఉంచేవాళ్లం. ఆరేళ్ల మొక్క. కాండం మొదట్లో గోధుమరంగు మచ్చ కనబడింది. వేలితో నొక్కితే మెత్తగా దిగింది. మట్టిలోంచి తీసి చూస్తే ఒక్క వేరు కూడా గట్టిగా లేదు. పైన మిగిలిన రెండు ముక్కలు కోసి, నీడలో నాలుగైదు రోజులు గాయం ఆరనిచ్చి, కొబ్బరి పీచు, ముతక ఇసుక, ఆకు ఎరువు కలిపి నాటాను. పైమట్టి ఆరాకే నీళ్లు. పొద్దుటి ఎండ చాలు, మధ్యాహ్నం ఎండకి కాండం పసుపెక్కుతుంది. మూడో ఏడు జూలైలో మళ్లీ పూసింది. ఒక మాట: మొగ్గ తొడిగాక కుండీని అటూ ఇటూ జరపొద్దు, రాలిపోతాయి.

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడే ప్లేటు తీసేశాను. అమ్మకి చదివి వినిపించాను, మేడి సంగతి ఆమెకి ఎంతో నచ్చింది. పేరు మార్చేది లేదంది. ఇంకో మొగ్గ ఉంది. మొన్నటిదాకా కిందికి వేలాడింది, ఈ సాయంత్రం కాడ వంకీ తిరిగి తల పైకెత్తింది. రేపు రాత్రి పూస్తుందేమో, తొమ్మిది నుంచీ కూర్చుంటాం.